480 రూపాయల క్యూబు నాకు 73 రోజులు వచ్చింది

ముందే చెప్పేస్తాను, నేను స్టార్లు ఇవ్వను. ఏదైనా వస్తువు కొన్నా, కొత్తగా ఏదైనా మొదలుపెట్టినా, అది ఎన్ని రోజులకు నాకు విసుగు పుట్టించిందో రాసిపెట్టుకుంటాను. మా బీరువా తలుపు లోపలి వైపు పాత కాలెండరు షీటు ఒకటి తిరగేసి అతికించాను. లెక్కంతా దాని మీదే. పిల్లనగ్రోవి 11 రోజులు. చేపల తొట్టి 19 (చేపలు మాత్రం ఇంకా బతికే ఉన్నాయి, మా ఆడబిడ్డ ఇంట్లో). కేకులు చేసే ఓవెన్ 26. సుడోకు పుస్తకం 30. ఫోనులో రంగు బిళ్లలు పగలగొట్టే ఆట 4. యోగా క్లాసు 3, అందులో ఒక రోజు వాన వల్ల క్లాసే జరగలేదు. కొన్న ధరను రోజులతో భాగిస్తే రోజు ఖర్చు తేలుతుంది. ఓవెన్ రోజుకు 200 పడింది. దాని మీద ఇప్పుడు మా అత్త ఎండుమిరపకాయల డబ్బా పెట్టుకుంటోంది.

ఈ షీటులో ఇంతవరకూ అన్నిటికంటే ఎక్కువ నిలిచింది రంగుల క్యూబు. అదే, ఆరు వైపులా ఆరు రంగులుండి, తిప్పి తిప్పి కలపాల్సిన డబ్బా. మామూలుది కాదు, లోపల అయస్కాంతాలున్న రకం. 480 రూపాయలు, 73 రోజులు, రోజుకు ఆరున్నర. సుడోకు పుస్తకం రోజుకు 3 రూపాయలే కదమ్మా, లెక్క ప్రకారం అదే గెలవాలి అని మా అమ్మాయి వాదించింది. ఎనిమిదో తరగతి, అన్నిట్లో లెక్క కావాలి దానికి. నిజమే గానీ, సుడోకు నేను పడుకునే ముందు పది నిమిషాలు చేసేదాన్ని. క్యూబుని రోజుకు మూడు గంటలు తిప్పాను.

అన్ని గంటలు ఎక్కడివి అంటారా? మాది చిత్తూరు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, క్వాలిటీ ల్యాబులో పద్నాలుగేళ్లుగా పని చేస్తున్నాను. ఈ పనికి రెండు ముఖాలు. జూన్, జూలై నెలల్లో తోతాపురి కాయ దిగుతుంది. అప్పుడు నిలబడి నీళ్లు తాగడానికి కూడా టైముండదు. ప్రతి బ్యాచికీ బ్రిక్సు (అంటే తీపి కొలత), పులుపు, పీహెచ్ చూడాలి. ఆ తీపి చూసే రిఫ్రాక్టోమీటరు గాజు మీద గుజ్జు చుక్క వేసి కన్ను పెడితే బ్రిక్సు 14 దాటిందా లేదా అన్నదే ధ్యాస. గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. 2025 సీజన్ గుర్తుందిగా, కాయ ధర పడిపోయి, కిలోకి ఫ్యాక్టరీలు 8 ఇవ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది అని ప్రకటించిన ఏడాది. ఆ సారి వరుస తారు రోడ్డు దాకా పోయింది. డ్రైవర్లు నేల మీద సుద్దతో గీతలు గీసి పులిజూదం ఆడుకునేవాళ్లు, చింతగింజలు మేకలు, రాళ్లు పులులు. నేను శాంపిల్ డబ్బా పట్టుకుని పోతూ పోతూ ఆగి రెండు ఎత్తులు చూసేదాన్ని. అంత హడావిడిలోనూ నాకు ఆ ఆట మీదే కన్ను.

ఆగస్టు చివరికి మిషన్లు కడిగేస్తారు. కొన్నాళ్లు జామ గుజ్జు ఆడుతుంది, అదీ అయిపోతుంది. ఇక మళ్లీ కాయ దిగేదాకా నా పని నిలవ శాంపిళ్లు చూడడం. ఇంక్యుబేటరులో పెట్టిన ప్యాకెట్ ఉబ్బిందా? ఉబ్బలేదు. రిజిస్టర్లో రాయి, సంతకం పెట్టు. గంటన్నర పని, ఎనిమిది గంటల డ్యూటీ. ఎదురుగా గోడకి గుజ్జు రంగు చార్టు, దాని పక్కన గడియారం.

"కూర్చోబెట్టి జీతమిస్తా ఉంటే ఏందిమ్మే నీ బాధ?" అంటుంది మా అత్త. నాకూ చెప్పడం చేతకాదు. ఏ పనీ చెయ్యబుద్ధి కాకపోవడం కాదు. ఏదో ఒకటి చెయ్యాలని ఒళ్లంతా తహతహ. కానీ చేతికందిన ఏదీ పట్టదు. పుస్తకం తీస్తే అరపేజీ, పాట పెడితే ఒక చరణం. కాలు దానంతట అది ఊగుతుంటుంది. ఒకసారి నీరసంగా ఉందని ప్రభుత్వాసుపత్రికి పోతే డాక్టరమ్మ సరిగ్గా ఇదే అడిగింది: "ఏమీ చెయ్యాలనిపించట్లేదా, చెయ్యాలనిపిస్తోంది గానీ ఏదీ అతుక్కోవట్లేదా?" రెండోదే అన్నాను. నిద్ర, ఆకలి, ఏడుపు గురించి అడిగి, థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూసి, డిప్రెషన్ లాగా లేదు, అలా అనిపిస్తే మాత్రం ఆగకుండా రా అని పంపించింది. తర్వాత చదివాను, కెనడాలో జాన్ ఈస్ట్‌వుడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు 2012లో విసుగుకి చెప్పిన అర్థం కూడా దాదాపు అదే: మనసు పెట్టాలని ఉంటుంది, పెట్టలేకపోతాం. పేరు పెట్టినంత మాత్రాన తగ్గదనుకోండి.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. రెండేళ్ల కిందట డిసెంబరులో, మధ్యాహ్నం మూడింటప్పుడు, ల్యాబులో ఒక్కదాన్నే ఉండగా, పాత మీటరులోంచి తీసిన 9 వోల్టుల బ్యాటరీని నాలుకకి ఆనించి చూశాను. చురుక్కుమంది, పుల్లగా, ఇనుము నాకినట్టు. బాగాలేదు. ఐదు నిమిషాలాగి మళ్లీ ఆనించాను.

ఎవరికీ చెప్పలేదు, సిగ్గేసి. ఆ తర్వాత అమెరికాలో వర్జీనియా యూనివర్సిటీ వాళ్లు చేసిన ప్రయోగం గురించి చదివి కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. 2014లో సైన్స్ పత్రికలో వచ్చింది. మనుషుల్ని ఖాళీ గదిలో 15 నిమిషాలు ఒంటరిగా కూర్చోబెట్టారు, ఫోను లేదు, పుస్తకం లేదు, చిన్న కరెంటు షాకిచ్చే మీట మాత్రం ఉంది. ఆ షాకు ముందే రుచి చూపించారు. అది మళ్లీ తగలకుండా ఉండడానికి డబ్బులైనా ఇస్తాం అన్నవాళ్లే వాళ్లంతా. అయినా 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు మీట నొక్కుకున్నారు. ఒకడు 190 సార్లు నొక్కుకున్నాడు, వాడిని లెక్కలోంచి తీసేశారు పాపం. నేను అక్కడుంటే ఏడో ఆడమనిషిని.

ఫోను ఉంది కదా అంటారేమో. ఉంది. రీల్స్ ఒకటి సగం చూసి పైకి తోసి, ఇంకోటి సగం చూసి తోసి, రెండు గంటలు గడిచేవి. గడిచాక ముందుకంటే ఎక్కువ చిరాకు. టొరంటో యూనివర్సిటీలో 2024లో దీని మీదే పరీక్షలు చేశారు. వీడియోలు మార్చి మార్చి చూసినవాళ్లకు, ఒక్కదాన్నే చివరిదాకా చూసినవాళ్ల కంటే ఎక్కువ విసుగొచ్చిందట. మార్చేది విసుగు పోతుందనే కదా. నాకు మాత్రం ఆశ్చర్యం కలగలేదు.

సరే, క్యూబు.

మా ఇంట్లో మొదట ఉన్నది గంగ జాతరలో మా అమ్మాయికి కొన్న 60 రూపాయలది. స్టిక్కర్లు అతికించినది. తిప్పితే మరమరాలు నమిలినట్టు కరకరమనేది. నెలకే తెల్లవైపు రెండు స్టిక్కర్లు ఊడాయి, మా అమ్మాయి మిగతావి కూడా పీకేసి రంగులన్నీ సరిచేసి అతికించి "సాల్వ్ చేశా" అంది. తెలివైన పిల్లే. కాకపోతే దాని మీద ఎవరూ ఏమీ నేర్చుకోలేరు. ఒక పక్క తిప్పుతుంటే ఇంకో పక్క ఇరుక్కునేది.

అసలుది తిరుపతిలో కొన్నాను. మా అమ్మ వాళ్లుండేది అక్కడే, నెలకోసారి పోతాను. బస్టాండు దగ్గర స్టేషనరీ, ఆట వస్తువులు అమ్మే చిన్న కొట్టు. పెట్టె మీద చైనా అక్షరాలు, కంపెనీ పేరు నాకు చదవరాదు కాబట్టి ఇక్కడ రాయడానికీ లేదు. బిల్లు ఇవ్వలేదు. వాపసు తీసుకోరట. పెట్టెలో క్యూబు, చిన్న స్క్రూడ్రైవరు, మడతపెట్టిన కాగితం. కాగితం మీద ఇంగ్లిషు ఉంది గానీ, అది చదివితే ఉన్నది కూడా మర్చిపోతాం.

దీనికి స్టిక్కర్లు లేవు, ప్లాస్టిక్కే రంగుది. కాస్త గరుకుగా, చేతికి జారకుండా ఉంటుంది. అసలు సంగతి తిప్పినప్పుడు తెలుస్తుంది. ఫ్రిజ్ తలుపు దాదాపు మూసి వదిలేస్తే చివర్లో తనే లాక్కుని అతుక్కుంటుంది చూశారా, అచ్చం అలా. సగం పైన తిప్పితే చాలు, మిగతాది అదే పోయి తన చోట కూర్చుంటుంది. చప్పుడు లేదు. మా ఆయన ఆర్టీసీ డ్రైవరు, బెంగళూరు సర్వీసు, తెల్లవారుజామున నాలుగింటికి డ్యూటీ. రాత్రి పదింటికి ఆయన పక్కన పడుకుని దుప్పట్లో తిప్పినా లేవలేదు. 480లో 200 ఆ నిశ్శబ్దానికే ఇచ్చాననుకున్నాను.

మొదటి మూడు రోజులు ఊరికే తిప్పాను. ఒక వైపు తెలుపు చెయ్యడం వచ్చింది, రెండో వైపు మొదలుపెట్టగానే మొదటిది పోయింది. దీన్ని 1974లో తయారు చేసిన ఎర్నో రూబిక్ హంగరీలో, బుడాపెస్టులో ఆర్కిటెక్చరు చెప్పే మాస్టారు. చేసినాయనకే మొదటిసారి కలపడానికి నెలరోజులు పట్టిందట. రంగుల అమరికలు ఎన్ని రకాలో తెలుసా? కోటిని కోటితో గుణించి, దాన్ని మళ్లీ 4 లక్షల 32 వేలతో గుణించాలి. ఇక్కడ నేను కాసేపు ఆగిపోయాను. విసుగొచ్చే మనిషికి ఇంతకంటే మంచి మాట ఏముంటుంది? చూసిందే మళ్లీ చూడాల్సిన పని ఈ జన్మలో రాదు. అందులో ఏ అమరికనైనా 20 తిప్పుల్లో కలపొచ్చని 2010లో కంప్యూటర్ల మీద లెక్కగట్టి తేల్చారు. నాకు ఇప్పటికీ 100 దాటుతాయి.

నాలుగో రోజు నుంచి వీడియోలు చూసి నేర్చుకున్నాను. ముందు అర్థం కావాల్సింది ఒకటే: మధ్యలో ఉన్న గడి కదలదు. తెలుపుకి ఎదురు పసుపు, నీలానికి ఎదురు పచ్చ, ఎరుపుకి ఎదురు నారింజ, ఎన్ని తిప్పినా అంతే. అంచులు 12, మూలలు 8, అవే తిరుగుతాయి. దీంతో తల సగం తేలికైంది. తర్వాత తెల్ల సిలువ, తెల్ల మూలలు, మధ్య వరుస, పైన పసుపు. ఇంగ్లిషు అక్షరాలతో రాసే సూత్రాలు నాకు నోరు తిరగలేదు, నేనే తెలుగులో కట్టుకున్నాను: కుడి పైకి, పై ఎడమకి, కుడి కిందికి, పై కుడికి. ఈ నాలుగు తిప్పులే సగం పని చేస్తాయి. ల్యాబులో గొణుక్కుంటుంటే బాయిలర్ దగ్గర పనిచేసే పెద్దాయన తలుపులోంచి తొంగి చూశాడు.

"ఏందమ్మా, లోపల ట్రాక్టరు రివర్సు చేయిస్తా ఉండావా?"

"ఇది కలుపుతా ఉన్నా అన్నా."

"కలిపితే ఏమొస్తాది?"

"ఏమీ రాదు."

"అయితే బాగుండాది," అని పోయాడు.

ఆరో రోజు జరిగింది చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు. ఆ నాలుగు తిప్పులు చేతికి అలవాటు కావాలని, కలిపి పెట్టిన 60 రూపాయల క్యూబు మీద (స్టిక్కర్లు అతికించి కలిపినదే, దాన్నయినా కలిపినట్టే అనుకోండి) వరసగా చేస్తూ పోతున్నాను. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. చూస్తే అంతా చెదిరిపోయింది. నాలుగు, ఐదు. చెయ్యి ఆపలేదు, ఎందుకంటే ఆపడానికి ఇంకో పని లేదు. ఆరోసారికి చివరి తిప్పు తిప్పగానే ఆరు వైపులూ సరిగ్గా ఎలా ఉండేవో అలా వచ్చేశాయి. గుండె ఒక్కసారి దడదడమంది. కొత్తదాని మీద చేశాను, అది ఎలా చెదిరి ఉందో ఫోటో తీసుకుని మరీ. ఆరోసారికి మళ్లీ అదే చెదురు, గడికి గడి. పద్నాలుగేళ్లలో ఆ ల్యాబులో నేను చేసిన ప్రయోగాల్లో నాకు నచ్చింది ఇదొక్కటే.

తొమ్మిదో రోజు పూర్తిగా కలిసింది. గంటా పది నిమిషాలు. ఇంట్లో అందరికీ చూపించాను. మా ఆయన "మళ్లీ చెయ్" అన్నాడు. చెయ్యలేకపోయాను.

ఇక లోపాలు. ట్యూబులైటు కింద పరవాలేదు గానీ, పాత పసుపు బల్బు కింద ఎరుపు, నారింజ ఒకటే. మా అమ్మ ఇంట్లో వరండా లైటు కింద కలిపి, పొద్దున చూస్తే రెండు గడులు అటూ ఇటూ. రెండోది, తిప్పగా తిప్పగా లోపల జిడ్డు పడుతుంది. సిలికాన్ నూనె వెయ్యాలంటారు. నేను కుట్టు మిషను నూనె వేశాను. రెండు రోజులు వెన్నలాగా తిరిగింది, మూడో రోజుకి దుమ్మంతా పట్టుకుని జిగటైంది. విప్పి సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టాల్సొచ్చింది. మూడోది, బొటనవేలి మొదట్లో నొప్పి. ఇది క్యూబు తప్పు కాదు, మూడు గంటలు తిప్పిన నా తప్పు.

నాలుగోది స్క్రూడ్రైవరు. నాలాంటి మనిషికి స్క్రూడ్రైవరు ఇవ్వకూడదు. మధ్య గడుల మూతలు తీస్తే లోపల మరలుంటాయి, వదులు చేస్తే వేగంగా తిరుగుతుంది. 30వ రోజుకి నాకు మూడు నిమిషాలు పడుతోంది, ఇంకా తగ్గాలని వదులు చేశాను. తిరిగింది. ఇంకొంచెం చేశాను. ల్యాబులో ఒక జోరు తిప్పుకి ఒక మూల, రెండు అంచులు టపటపా ఊడి నేల మీద పడ్డాయి. మూల పోయి ఇంక్యుబేటరు కిందికి దూరింది. చీపురు పుల్లతో లాగి, తుడిచి, మూడూ నొక్కేశాను. మరలు బిగించాను. బాగానే కనిపించింది.

ఆ తర్వాత కలవలేదు. పసుపు మూలలు నాలుగూ వచ్చేస్తున్నాయి, తీరా కిందికి తిప్పి చూస్తే అడుగు రెండు వరసలు చిందరవందర. నా తిప్పు తప్పిందేమో అని మొదటి నుంచి. మళ్లీ అదే. ఆరుసార్లు. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదంటే నవ్వుతారు గానీ, ఆ రెండు రోజులూ గడియారం వంక ఒక్కసారి కూడా చూడలేదు.

మూడో రోజు తిరుపతి పోయి సాయంత్రం తిరిగి వస్తున్నాను. వేలూరు బస్సు, మా చిత్తూరు మీదుగా పోయేది. పక్క సీట్లో ఒక కుటుంబం, అందరికీ గుండ్లు, నెత్తిన చందనం ఎండి పొలుసులు లేస్తోంది. కిటికీ దగ్గర తొమ్మిది పదేళ్ల పిల్లాడు. చంద్రగిరి దాటేదాకా నా చేతులే చూశాడు. ఇక ఆగలేక, అరవ యాసలో "ఆంటీ, ఒకసారి ఇస్తారా?" అన్నాడు. ఇచ్చాను. వాడి వేళ్లు నాకు కనపడలేదు. నిమిషం కూడా కాలేదు, చివర్లో ఆగి, క్యూబుని నా వైపు తిప్పి చూపించాడు. అంతా కలిసింది, ఒక్క మూల తప్ప. ఆ మూల తన చోట్లోనే ఉంది, రంగులు మాత్రం మెలితిరిగి ఉన్నాయి.

"ఇది ఎన్నిసార్లు తిప్పినా రాదు ఆంటీ. ఊడిందా?"

"ఊడింది."

"తప్పుగా పెట్టేసినారు."

అని, బొటనవేలు ఆ మూల మీద పెట్టి, మరీ గట్టిగా కాదు, జామకాయ తొడిమ తిప్పినట్టు ఒక్క మెలి తిప్పాడు. కటుక్కుమంది. నా ప్రాణం పోయింది. వాడు చేతిలో పెట్టాడు, ఆరు వైపులూ ఆరు రంగులు. వాళ్లమ్మ "డేయ్, ఆంటీది విరగ్గొట్టొద్దు" అని కసిరింది, నాకు నిమ్మతొనల బిళ్లలు రెండు ఇచ్చింది.

ఇంటికొచ్చి చదివాను. గడులన్నీ ఊడదీసి ఇష్టమొచ్చినట్టు అమర్చితే, పన్నెండింట్లో ఒక్క వంతు మాత్రమే కలిసే అవకాశం. మిగతా పదకొండు వంతుల్లో జీవితాంతం తిప్పినా కలవదు. అంటే నేను రెండు రోజులు ఊపిరి బిగబట్టి చేసిందంతా, కలవనే కలవని దాన్ని కలపడం. కోపం రావాలి. కానీ నిజం చెప్పాలంటే, 73 రోజుల్లో అన్నిటికంటే బాగా గడిచిన రెండు రోజులు అవే.

తర్వాతి కథ చప్పగా ఉంటుంది. 50వ రోజుకి నిమిషం నలభై సెకన్లు. 60కి నిమిషం ఇరవై. అక్కణ్నుంచి పన్నెండు రోజులు నిమిషం పదిహేను దగ్గరే. 2023లో మ్యాక్స్ పార్క్ అనే అమెరికా కుర్రాడు 3.13 సెకన్లలో కలిపాడు, ఆ రికార్డు కూడా తర్వాత పోయింది. నాకు రికార్డులతో పని లేదు గానీ, చేతులు వాటంతట అవే తిప్పుతుంటే, నా మనసు పోయి మళ్లీ గోడ గడియారం మీద వాలడం మొదలైంది. ఇంకా వేగం కావాలంటే జెస్సికా ఫ్రిడ్రిక్ పేరు మీద వ్యాప్తిలోకి వచ్చిన పద్ధతి ఉంది. అందులో పై వరసకే మొత్తం 78 సూత్రాలు బట్టీ పట్టాలి. పేజీ తెరిచి, పై నుంచి కింది దాకా ఒకసారి వేలితో తోసి, మూసేశాను. ఎమ్సెట్టుతో నా బట్టీ సరిపోయింది. 73వ రోజు సాయంత్రం కలిపి, టైము చూసుకుని (నిమిషం 12), బీరువా తలుపు తెరిచి రాసేశాను.

కొనాలా వద్దా అంటే, కొనండి, మూడు షరతుల మీద. 60 రూపాయలది మాత్రం కొనకండి, ఆ ఇరుకు తిప్పుళ్లతో నాలుగో రోజే విసుగొస్తుంది. మీలో విసుగు నాలాంటిదైతేనే కొనండి, అంటే చేతులు ఊరికే ఉండలేనిది. ఏమీ వద్దు, లేవబుద్ధి కావట్లేదు అన్నది మీ సంగతైతే 480 పెట్టి డాక్టరు దగ్గరికి పొండి. ఇక నేర్చుకునే వీడియో అంతా ఒకే రోజు చూసేయకండి. నేను చేసిన తప్పు అదే అనిపిస్తుంది. రోజుకొక అంచె చొప్పున, మధ్యలో రెండేసి రోజులు తడుముకుని చూసుకుంటే ఇది వంద రోజులు వచ్చేది. ఆ స్క్రూడ్రైవరు ఎవరికైనా దాచమని ఇవ్వండి.

ఇప్పుడు మామిడి పూత మీద ఉంది. కాయ దిగడానికి ఇంకా నాలుగు నెలలు. క్యూబు ఎక్కడుందంటే మా అత్త దగ్గర. సంక్రాంతికి ఇల్లు సర్దుతుంటే బీరువాలో దొరికిందట. ఆమెకి ఏ వీడియో అక్కర్లేదు, ఏ సూత్రం తెలియదు. సాయంత్రం దీపం పెట్టాక గడప మీద కూర్చుని, తెల్ల గడులన్నీ ఒక వైపుకి తెస్తుంది. అరగంట పడుతుంది. తొమ్మిదీ వచ్చాక ఒకసారి పైకెత్తి చూసుకుని, చీర కొంగుతో తుడిచి, టీవీ పక్కన పెట్టేస్తుంది. పొద్దున్న స్కూలుకి పోతూ మా అమ్మాయి చెదరగొట్టి పోతుంది. మళ్లీ సాయంత్రం తెలుపు.

"మిగతా ఐదు వైపులు అత్తా?" అన్నాను మొన్న.

"అవి ఎవరు చూస్తారు పోమ్మే," అంది, "ముందరికి ఒకటి బాగుంటే చాల్లే."

మా అమ్మాయి కాలెండరు షీటు మీద క్యూబు కింద ఇంకో గీత గీసి, 'అవ్వ' అని రాసి, రోజుకొక పుల్ల గీస్తోంది. ఈ పొద్దుకి 31.